మళ్ళీ కొడితే వెళ్ళిపోతోంది, మరి తప్పెక్కడ?

ప్రశ్న: మాది చెన్నై పెరుంగుడిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ, మొత్తం పదకొండు మందిమి. నేను కోడ్ రాయడానికి చేరాను, సర్వర్ చూసుకునే పని కూడా నా నెత్తినే పడింది. సర్వరంటే పెద్దదేం కాదు, రిచీ స్ట్రీట్‌లో అసెంబుల్ చేయించిన మెషీన్: 16 జీబీ ర్యామ్, 4 టీబీ హార్డ్ డిస్క్, ఉబుంటు. కొత్త ప్రాజెక్టులు గిట్‌లో (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ చరిత్రగా దాచే సాఫ్ట్‌వేర్) ఉన్నాయి. ఒక పాత క్లయింటు కోడ్ మాత్రం ఇంకా అదే పనికి వాడే పాత సాఫ్ట్‌వేర్ సబ్‌వర్షన్‌లోనే ఉంది. నెల రోజులుగా అప్పుడప్పుడు పుష్ చేస్తే (కోడ్‌ని సర్వర్‌కి పంపితే) ‘రిమోట్:’ అని మొదలయ్యే లైన్లలో ‘లూజ్ ఆబ్జెక్ట్ ఈజ్ కరప్ట్’ అనో, ‘ఇన్‌ఫ్లేట్: డేటా స్ట్రీమ్ ఎర్రర్’ అనో వస్తోంది. మళ్ళీ కొడితే వెళ్ళిపోతోంది. మొన్న సబ్‌వర్షన్‌లో కూడా ‘చెక్‌సమ్ మిస్‌మ్యాచ్’ (డేటా మారలేదని చూసే లెక్క కుదరలేదని) వచ్చింది, అదీ రెండోసారికి లేదు. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చే స్మార్ట్ రిపోర్టు చూస్తే ‘పాస్డ్’ అంటోంది. మేనేజరు డిస్క్ మార్చేద్దామంటున్నారు. టీమ్ లీడ్ గిట్ అప్‌గ్రేడ్ చేస్తే చాలంటున్నారు. నేనెవరి మాట వినాలి?
— పేరు వద్దన్న నెల్లూరు పాఠకుడు

సమాధానం: ఈ వారానికి ఇద్దరి మాటా పక్కన పెట్టండి. నన్ను పందెం కాయమంటే ర్యామ్ మీద కాస్తాను. ఎందుకో చెప్తాను, తేల్చుకునే దారి కూడా చెప్తాను.

ముందు మీ టీమ్ లీడ్ సంగతి. గిట్ ఒక్కటే మొరాయిస్తే ఆయన మాటకు కాస్త బలం ఉండేది. గిట్, సబ్‌వర్షన్ రెండూ వేర్వేరు మనుషులు, వేర్వేరు పద్ధతుల్లో రాసినవి. రెండూ ఒకే నెలలో, ఒకే మెషీన్ మీద ‘లెక్క కుదరడం లేదు’ అన్నాయంటే తప్పు ఆ రెండింటి కింద ఉంది. గిట్ అప్‌గ్రేడ్ చేస్తే నష్టమేం లేదు, కానీ ఇప్పుడే చేస్తే ఎర్రర్ ఓ వారం రాకపోయినా అప్‌గ్రేడ్ వల్లే పోయిందనుకుంటారు. అప్పుడప్పుడు వచ్చే జబ్బుతో ఉన్న చిక్కే అది. ఏ మందు వేసినా రెండు రోజులు నయమైనట్టే కనిపిస్తుంది.

ఇక డిస్క్. ఇలాంటి ఎర్రర్లలో రెండు జాతులున్నాయి. చాలామంది రెండింటినీ కలిపి ‘డిస్క్ ఎర్రర్’ అనేస్తారు. ఒకటి ‘చదవలేకపోయాను’. అంటే ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్. రెండోది ‘చదివాను గానీ లెక్క తప్పింది’. మీకు వస్తున్నవన్నీ రెండో జాతివి.

హార్డ్ డిస్క్ ప్రతి సెక్టారు పక్కనా తప్పులు పట్టి సరిదిద్దే కోడ్ రాసుకుంటుంది. సెక్టారు పాడైతే ముందు తనే సరిచేస్తుంది. చేతకాకపోతే చదవలేనని చేతులెత్తేస్తుంది, ఆ సంగతి కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) రాసుకునే లాగ్‌లో పడుతుంది. పాడైన బైట్లను మంచివాటిలాగా చేతిలో పెట్టి ఊరుకోవడం డిస్క్‌కి చాలా అరుదు. డిస్క్ నుంచి బోర్డుకి వచ్చే సాటా కేబుల్ మీద కూడా తప్పులు పట్టే సీఆర్‌సీ తనిఖీ ఉంది. కేబుల్ వదులైతే ఆ తనిఖీలో దొరికిపోతుంది, మళ్ళీ పంపమంటుంది, అదీ లాగ్‌లో కనిపిస్తుంది. ఇవన్నీ దాటి డేటా చేరేది మీ ర్యామ్‌లోకి. మామూలు డెస్క్‌టాప్ ర్యామ్‌లో ఒక బిట్ తిరగబడితే అడిగే నాథుడు లేడు. గిట్ ఆ డేటాని విప్పి చెక్‌సమ్ చూసినప్పుడే మొదటిసారి బయటపడుతుంది. అంటే గిట్ ఇక్కడ నేరస్తుడు కాదు, ఫిర్యాదుదారు. అదే మెషీన్‌లో పాడైన ఫోటోలు, ఎక్సెల్ షీట్లు కూడా ఉండొచ్చు. వాటికి నోరు లేదు.

కాబట్టి మొదటి పని, ఎర్రర్ వచ్చిన వేళకి కెర్నల్ లాగ్‌లో ఏముందో చూడండి. ‘డీమెస్గ్ -టీ’ (టీ క్యాపిటల్ అక్షరం) కొడితే వేళలతో సహా వస్తుంది. ఈసారి మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి పాతవి కావాలంటే ‘జర్నల్‌సీటీఎల్ -కే’. ఆ నిమిషంలో డిస్క్ పేరుతో ‘ఐ/ఓ ఎర్రర్’, ‘హార్డ్ రీసెట్టింగ్ లింక్’ లాంటివి లేకుండా లాగ్ నిశ్శబ్దంగా ఉంటే, నా పందెం ఇంకాస్త పెంచుతాను.

ర్యామ్ అంటే నమ్మని మేనేజరుకి ఒక సంగతి చెప్పండి. గిట్‌ని 2005లో రాసిన లైనస్ టోర్వాల్డ్స్ సొంత మెషీన్‌లోనే 2022 అక్టోబరులో ఒక ర్యామ్ స్టిక్ పోయింది. రెండేళ్ళకి పైగా చక్కగా నడిచిన మెషీన్ అది. ఉన్నట్టుండి కంపైల్ చేస్తుంటే ఎక్కడపడితే అక్కడ ఎర్రర్లు రావడం మొదలైంది. మొదట ఆయన కూడా కొత్త కెర్నల్ కోడ్‌లోనే ఏదో లోపం ఉందనుకున్నాడు. గూగుల్ తన సర్వర్ల మీద చేసి 2009లో అచ్చేసిన పరిశీలనలో ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్‌లలో ఏదో ఒక మెమరీ ఎర్రర్ కనిపించింది. వాళ్ళ సర్వర్లలో ఈసీసీ (బిట్ తిరగబడితే పట్టుకునే ర్యామ్) ఉంది కాబట్టి వాళ్ళు లెక్కపెట్టగలిగారు. మన దగ్గర లెక్కపెట్టే దిక్కు కూడా లేదు.

సరే, తేల్చుకోవడం ఎలా?

చాలామంది ఇక్కడ అదే సర్వర్ మీద కూర్చుని గిట్ ఎఫ్‌ఎస్‌సీకే (గిట్ దాచిన డేటా ముక్కలని, అంటే ఆబ్జెక్టులని, తనిఖీ చేసే కమాండ్) నడిపిస్తూ పోతారు. ర్యామ్ మీద అనుమానం ఉన్నప్పుడు ఆ మెషీన్ చెప్పే ఏ తీర్పూ చెల్లదు. రాయే తప్పుదైతే ఆ తక్కెడలో ఎన్నిసార్లు తూచినా అంతే. పైగా లైనక్స్ ఒకసారి చదివిన ఫైలుని ర్యామ్‌లోనే అట్టిపెట్టుకుంటుంది. రెండోసారి మీరు చదివేది డిస్క్‌ని కాదు, ఆ కాపీని. తప్పు బైటు ఆ కాపీలో పడితే ప్రతిసారీ అదే ఆబ్జెక్టు పాడైనట్టు కనిపిస్తుంది. అది చూసి డిస్క్‌దే తప్పని తేల్చేస్తారు.

అందుకే డిస్క్‌ని, మెషీన్‌ని విడదీయండి. శుక్రవారం సాయంత్రం అందరికీ చెప్పి పుష్‌లు ఆపించండి. ఇవాళ్టి నుంచి అప్పటిదాకా మాత్రం సర్వర్‌లోని ప్రతి గిట్ రిపోజిటరీలో (ప్రాజెక్టు కోడ్, చరిత్ర ఉండే ఫోల్డర్) ‘జీసీ.ఆటో’ని 0 చేసి, ‘రిసీవ్.ఆటోజీసీ’ని ఫాల్స్ చేసి పెట్టండి. జీసీ అంటే గిట్ తనంతట తాను చేసుకునే సర్దుడు పని, అది పాత ప్యాక్‌లని (ఆబ్జెక్టుల మూటలని) చదివి, కొత్త ప్యాక్ రాసి, పాతవి తీసేస్తుంది. పాడైన ర్యామ్ గుండా ఆ పని జరగడం మీకు అక్కర్లేదు.

మెషీన్ ఆపండి. డిస్క్ విప్పి ఇంకో మంచి కంప్యూటర్‌కి తగిలించండి. లైనక్స్ ఉన్న ఏ డెస్క్‌టాప్ అయినా సరే. రీడ్-ఓన్లీగా మౌంట్ చేసి, రిపోజిటరీ ఫోల్డర్లన్నీ ఒక కొత్త డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. ఇక్కడ మీ మేనేజరు ముచ్చట కూడా తీరుతుంది, కొత్త డిస్క్ కొనే తీరాలి. అయితే అది పాతదానికి బదులుగా కాదు, కాపీ కోసం. హుక్స్ (పుష్ లాంటి వేళల్లో వాటంతటవే నడిచే స్క్రిప్టులు), కాన్ఫిగ్ ఫైళ్ళు కూడా కాపీలోకి రావాలి, అవి ఎవరి క్లోన్‌లోనూ (సొంత మెషీన్‌లోని కాపీలో) ఉండవు. తర్వాత అక్కడ ప్రతి గిట్ రిపోజిటరీ మీదా ‘గిట్ ఎఫ్‌ఎస్‌సీకే --ఫుల్’, సబ్‌వర్షన్ మీద ‘ఎస్‌వీఎన్అడ్మిన్ వెరిఫై’ నడపండి. మూడుసార్లు, మధ్యలో రీబూట్ చేస్తూ. ప్రతిసారీ వచ్చిన అవుట్‌పుట్‌ని ఫైలులో దాచుకోండి.

ఇంకో మెషీన్‌లో నడిపేటప్పుడు గిట్ ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అని మొండికేస్తుంది. కంగారు పడకండి, ఫైళ్ళ యజమాని పేరు కలవలేదని దాని గొడవ, 2022 నుంచి వచ్చిన భద్రతా ఏర్పాటు అది. ‘సేఫ్.డైరెక్టరీ’లో ఆ ఫోల్డర్ చేర్చితే దారికొస్తుంది. అలాగే ఎఫ్‌ఎస్‌సీకే చెప్పే ‘డాంగ్లింగ్ కమిట్’, ‘డాంగ్లింగ్ బ్లాబ్’ లైన్లు వందలున్నా అవి జబ్బు కాదు, వదిలేసిన బ్రాంచీల శేషం. మీరు వెతకాల్సినవి ‘మిస్సింగ్’, ‘కరప్ట్’, ‘హాష్ మిస్‌మ్యాచ్’. ఇంకొక జాగ్రత్త. గిట్ ఎఫ్‌ఎస్‌సీకే చదివి చెప్తుందే గానీ ఏదీ మార్చదు. ఫైల్‌సిస్టమ్‌కి వాడే ఈ2ఎఫ్‌ఎస్‌సీకే అలా కాదు, అది డిస్క్ మీద రాస్తుంది. కాపీ చేతికొచ్చేదాకా దాని జోలికి పోకండి.

ఇదంతా జరుగుతుంటే, డిస్క్ లేని మీ సర్వర్ ఖాళీగానే ఉంది కదా. పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86ప్లస్ ఎక్కించి రాత్రంతా వదిలేయండి. ఒక్క పాస్ చూసి బాగుందనుకోవద్దు, తెల్లారేదాకా నడవనివ్వండి. ఎర్ర లైను ఒక్కటి కనిపించినా చాలు, ఇక వాదన లేదు.

శనివారం పొద్దున మీ చేతిలో రెండు రిపోర్టులుంటాయి.

పక్క మెషీన్‌లో మూడుసార్లూ శుభ్రంగా వచ్చి, మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్లు పడ్డాయంటే కథ తేలిపోయింది. ముందు బయాస్‌లోకి (మెషీన్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగ్స్) వెళ్ళి ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉందేమో చూడండి. అసెంబుల్ చేసే షాపుల్లో అది ఆన్ చేసి ఇవ్వడం మామూలే. ర్యామ్‌ని రేటెడ్ వేగానికి తోలే సెట్టింగ్ అది, సర్వర్‌కి అక్కర్లేదు. ఆపేసి మళ్ళీ టెస్ట్ చేయండి. అప్పటికీ ఎర్రర్లుంటే స్టిక్‌లు ఒక్కొక్కటే పెట్టి చూడండి, ఒకే స్టిక్‌ని వేరే స్లాట్‌లో కూడా. రిచీ స్ట్రీట్‌కి తీసుకెళ్తే మొదట స్టిక్ తీసి ఎరేజర్‌తో కాంటాక్టులు రుద్ది పెడతారు. మన ఊరి ఉప్పుగాలికి, చెమ్మకి అది నిజంగానే పనిచేస్తుంది కూడా. కానీ రుద్దించడం, ఎక్స్‌ఎంపీ ఆపడం, కేబుల్ మార్చడం అన్నీ ఒకేపూట చేయించకండి. చేస్తే బాగవుతుంది, దేనివల్ల బాగైందో మాత్రం ఎప్పటికీ తెలియదు.

పక్క మెషీన్‌లో కూడా ప్రతిసారీ అవే ఆబ్జెక్టు పేర్లతో ఎర్రర్ వస్తే, అవి డిస్క్ మీదే తప్పుగా ఉన్నాయి. అంతమాత్రాన డిస్క్ దోషి అనకండి. రాసేరోజున ర్యామ్ తప్పు బైటు ఇస్తే డిస్క్ దాన్ని నమ్మకంగా రాసిపెట్టింది, అంతే. గిట్ అయితే భయం లేదు. పూర్తి క్లోన్ ఉన్న ప్రతి లాప్‌టాప్‌లోనూ చరిత్ర ఉంది, అక్కడ ఆ ఆబ్జెక్టు మంచిదే ఉండొచ్చు. పాడైంది బ్లాబ్ (ఫైలు సరుకు) అయితే, మంచి క్లోన్‌లో ‘గిట్ క్యాట్-ఫైల్ బ్లాబ్’ తర్వాత ఆ పేరు ఇచ్చి ఒక ఫైల్లోకి తీసుకోండి. కొత్త కాపీలో పాడైన ఆబ్జెక్టు ఫైలుని పక్కకి జరిపి, ‘గిట్ హాష్-ఆబ్జెక్ట్ -డబ్ల్యూ’తో మంచిదాన్ని పెట్టండి. పక్కకి జరపడం మరిచిపోతే, ఆ పేరుతో ఒకటి ఉందిగా అని గిట్ కొత్తది రాయనే రాయదు. బయటికొచ్చే పేరు, మీరు వెతుకుతున్న పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే అతికినట్టే. ఆబ్జెక్టు పేరంటే దానిలోని సరుకు నుంచి లెక్కగట్టిన అంకె, అంటే హాషే కాబట్టి ఇక్కడ మోసానికి చోటు లేదు. పాడైనవి పది, ఇరవై ఉంటే ఈ కుట్టుపని మానేసి, ఖాళీ బేర్ రిపోజిటరీ (సర్వర్‌లో ఉంచే రకం) ఒకటి తెరిచి, తాజా క్లోన్ నుంచి బ్రాంచీలు, ట్యాగులు అన్నీ పుష్ చేయించండి. పుచ్చుకునేటప్పుడు గిట్ ప్రతి ఆబ్జెక్టు హాష్‌నీ మళ్ళీ లెక్కగడుతుంది. ఎవరెవరి బ్రాంచీలు సర్వర్‌లో తప్ప ఎక్కడా లేవో ముందే అడిగి పెట్టుకోండి. ఊరెళ్ళిన వాళ్ళ బ్రాంచీలే ఎప్పుడూ మిగిలిపోతాయి.

సబ్‌వర్షన్‌కి ఈ సౌకర్యం లేదు. వర్కింగ్ కాపీల్లో చరిత్ర ఉండదు, సర్వర్‌లోదే చరిత్ర. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారుపెట్టింది ఆ పాత క్లయింటు కోడే, మీరేమో దాన్ని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఒక్కో రివిజన్ (సేవ్ చేసిన ఒక్కో మార్పు) ఒక్కో ఫైలుగా ఉంటుంది, పాతవాటిని సబ్‌వర్షన్ మామూలుగా తిరగరాయదు. కాబట్టి వెరిఫై ఏ రివిజన్ దగ్గర ఆగిందో చూసి, ఆ ఒక్క ఫైలు పాత బ్యాకప్‌లో ఉంటే తెచ్చి పెట్టవచ్చు. బ్యాకప్ లేకపోతే ఏం చేయాలో చెప్పి మిమ్మల్ని ఇప్పుడే భయపెట్టను. ముందు వెరిఫై నడపండి. శుభ్రంగా వస్తే అదే పూట ‘ఎస్‌వీఎన్అడ్మిన్ డంప్’ తీసి ఆ ఫైలుని ఆఫీసు బయట దాచండి.

ఆఫీసు బయట అని ఊరికే అనలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు పెరుంగుడి, పళ్ళికరణై, వేళచ్చేరి ఎలా మునిగాయో అక్కడున్న మీకు నేను చెప్పక్కర్లేదు. సర్వరూ, బ్యాకప్ డిస్కూ ఒకే టేబుల్ కింద నేలమీద ఉంటే అవి రెండు కాపీలు కావు. ఆ మాటకొస్తే ఒకే డిస్క్‌లో పక్క ఫోల్డర్‌కి ‘గిట్ క్లోన్’ చేసి బ్యాకప్ అనుకునేవాళ్ళూ ఉన్నారు. ఒకే ఫైల్‌సిస్టమ్‌లో దారి పేరిచ్చి క్లోన్ చేస్తే గిట్ ఆబ్జెక్టులని కాపీ చేయదు, హార్డ్ లింక్ పెడుతుంది. రెండు ఫోల్డర్లు చూసేది డిస్క్ మీద ఒకే చోటుని.

ఇక లాగ్‌లో నిజంగానే ‘ఐ/ఓ ఎర్రర్’ కనిపించిందనుకోండి, అది మొదటి జాతి. స్మార్ట్ రిపోర్టులో ‘పాస్డ్’ అన్న మాటని నమ్మకండి, డిస్క్ దాదాపు చచ్చాకే అది మారుతుంది. కింద పట్టికలో 5, 197, 198 నంబర్ల చివరి గడి చూడండి: మార్చిన సెక్టార్లు, అనుమానంలో ఉన్నవి, చదవలేనివి. అవి పెరుగుతుంటే డిస్క్ పని అయిపోయినట్టే. గూగుల్ 2007లో అచ్చేసిన పరిశీలన ప్రకారం మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనని తాను తనిఖీ చేసుకునేటప్పుడు దొరికే తప్పు) వచ్చిన డిస్క్ తర్వాతి 60 రోజుల్లో పోయే అవకాశం, రాని డిస్క్ కన్నా 39 రెట్లు ఎక్కువ. అందులోనే ఇంకో మాట కూడా ఉంది: పోయిన డిస్కుల్లో సగానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ లెక్కల్లో ఏ సూచనా ఇవ్వకుండానే పోయాయి. 199 నంబరు మాత్రం పెరుగుతుంటే తప్పు కేబుల్‌ది. ఆ అంకె మళ్ళీ సున్నా కాదు, కాబట్టి ఎంతుందన్నది కాదు, కేబుల్ మార్చాక ఇంకా పెరుగుతోందా అన్నదే చూడాలి. వంద, రెండొందల కేబుల్‌తో పోయేదానికి డిస్క్ మార్చేవాళ్ళని చాలామందిని చూశాను.

రెండు రిపోర్టులూ శుభ్రంగా వస్తే? అదే అన్నిటికన్నా విసుగు పుట్టించేది. అప్పుడు అనుమానం పవర్ సప్లై మీదికీ, బోర్డు మీదికీ పోతుంది. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ వేళ రాసిపెట్టుకోండి. ఏసీ కంప్రెసర్ ఎత్తుకునే వేళకో, కరెంటు పోయి యూపీఎస్ మారే వేళకో, అర్ధరాత్రి బ్యాకప్ నడిచే వేళకో కలుస్తుందేమో చూడండి. కరెంటు గురించి ఒక్క మాట: ‘ఆబ్జెక్ట్ ఫైల్ ఈజ్ ఎంప్టీ’ అని వస్తే అది వేరే జబ్బు. రాస్తుండగా మెషీన్ ఆరిపోతే వచ్చేది. మీకు అది రాలేదు, కాబట్టి వదిలేద్దాం.

ఖర్చు విషయం మేనేజరుకి ఇలా చెప్పండి: ఇప్పుడు కాపీకి ఒక డిస్క్, టెస్ట్‌లో పోయిన ర్యామ్‌కి బదులు. బిల్లు వెతకండి, ర్యామ్‌కి చాలా కంపెనీలు ఏళ్ళ తరబడి వారంటీ ఇస్తాయి. తర్వాత ఎప్పుడైనా సర్వర్ మారిస్తే ఈసీసీ ర్యామ్ పట్టే బోర్డు, ప్రాసెసర్ అడిగి తీసుకోండి. డీడీఆర్5లో ఈసీసీ ఉండనే ఉందని షాపులో అంటారు. అది చిప్ లోపల తన తప్పులు తాను దిద్దుకోవడానికి. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారికి ఆ కాపలా లేదు. అలాగే ఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీ ఫైళ్ళలోని డేటాకి చెక్‌సమ్ ఉంచదు, జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఉంచుతాయి. కానీ ర్యామ్ సంగతి తేలకుండా ఫైల్‌సిస్టమ్ మార్చే పని పెట్టుకోకండి.

పాత డిస్క్‌ని వారంటీకి ఇవ్వాల్సి వస్తే అందులో క్లయింటు కోడ్ ఉందని గుర్తుంచుకోండి. పూర్తిగా తుడిచాకే కౌంటర్ మీద పెట్టండి. తుడవడానికి కూడా లొంగనంత పాడైతే వారంటీ వదులుకుని డిస్క్ మీ దగ్గరే ఉంచేసుకోండి.